నమూనాలో ఉన్న నంబరు

ఆ హాల్లో అడుగుపెట్టినప్పటి నుంచీ రూల్సుకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

కొత్తగా కట్టిన ఆసుపత్రిలో, ఇంకా రంగు వాసన పోని పెద్ద గది అది. బల్లలు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో కంపెనీ తన యంత్రం పెట్టుకుని కూర్చుంది. ఒకరిది దానంతట అదే లేచే మంచం, ఒకరిది ఆపరేషన్ దీపం, ఒకరిది గాజు తలుపు. అన్నిటి వైర్లూ నేల మీద పాకుతూ వచ్చి గది మధ్యలో ఉన్న ఒక నల్లపెట్టెలో దూరుతున్నాయి. ఆ పెట్టె వెనకాల గోడంత తెర.

పని చూడ్డానికి చిన్నదే. ఏ యంత్రానికి ఏం జరిగినా, వేడెక్కినా, కరెంటు పోయినా, తలుపు తెరుచుకున్నా, ఆ సంగతి ఒక లైనుగా రాసి పెట్టెకి పంపాలి. ఆ లైన్లని లాగ్ అంటారు. పెట్టె వాటిని చదివి, అలారం మోగించాల్సిన చోట మోగిస్తుంది. తలో కంపెనీ తలో రకంగా రాస్తే పెట్టెకి పిచ్చెక్కుతుంది కాబట్టి, లైను ఎలా రాయాలో చెప్పడానికి ఒక స్టాండర్డు పుస్తకం ఉంది. ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన మనిషి తమ కంపెనీలో రూల్సు ఒక్కతే. ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు.

"రూల్సూ, కూర్చోవమ్మా కాసేపు. నిన్ను చూస్తుంటే నాకు బీపీ పెరుగుతోంది," అన్నాడు బాబాయ్. ఆయన కంపెనీ యజమాని. చుట్టరికమేమీ లేదు, పనిచేసే వాళ్ళంతా బాబాయ్ అనే పిలుస్తారు. బ్లడ్ ఫ్రిజ్‌లు తయారుచేసే చిన్న షెడ్డు ఆయనది. ప్రస్తుతం ఆ ఫ్రిజ్‌కే వీపు ఆనించి, చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకు తండ్రిలాగా నిలబడి ఉన్నాడు.

"కూర్చోలేను బాబాయ్. మన లైన్లు తెర మీదకి ఎప్పుడొస్తాయా అని ఉంది."

"వస్తాయిలే. అన్నట్టు, ఆ పేర్ల గొడవేమిటో ఇంకోసారి చెప్పు. పరీక్ష పెట్టే ఆ మేడమ్ నన్ను అడిగిందనుకో, నోరెళ్ళబెట్టకూడదు కదా."

చెప్పమంటే చాలు రూల్సుకి. "అందరికీ కావలసిన పేర్లు స్టాండర్డే పెట్టేసింది బాబాయ్. టైము, కరెంటు, అలాంటివి. వాటికి మనం సొంత అర్థాలు అంటగట్టకూడదు. మనకి మాత్రమే పనికొచ్చే పేరు కావాలంటే, పెట్టుకోవచ్చు. కానీ ఆ పేరు వెనకాల, ఈమెయిల్లో ఉండే ఎట్ గుర్తు పెట్టి కంపెనీ నంబరు తగిలించాలి. ఆ నంబర్లిచ్చే ఆఫీసు ప్రపంచానికంతా ఒక్కటే. ఒకరికిచ్చింది ఇంకొకరికి ఇవ్వదు. మనుషులకి ఇంటిపేరు లాంటిదనుకోండి."

"ముందుండాల్సిన ఇంటిపేరు వెనక్కెందుకు పోయింది?"

"యంత్రాలకి మర్యాద తెలీదు కదా బాబాయ్."

ఆయన పకపకా నవ్వాడు. రూల్సు కూడా నవ్వింది గానీ ఆమె కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. ఫ్రిజ్ పంపే ప్రతి లైనూ ఆమె చేత్తో కట్టిందే. పుస్తకంలో నమూనా లైను ఎలా ఉందో అచ్చం అలాగే, చుక్క తేడా రాకుండా కట్టింది. ఆమె చేసిన పని ఒకటి షెడ్డు దాటి బయటికి రావడం ఇదే మొదటిసారి. ఇవాళ్టి పరీక్షలో ఫ్రిజ్ నెగ్గితే ఆకుపచ్చ స్టిక్కరు వేసి పై అంతస్తుకి పంపుతారు. నెగ్గకపోతే వచ్చిన లారీలోనే వెనక్కి. పొద్దున్న బస్సెక్కేముందు అమ్మతో, "నేను చేసింది ఒకటి ఆసుపత్రిలో మనుషుల ప్రాణాలకి కాపలా కాస్తుందమ్మా," అని చెప్పి మరీ వచ్చింది.

మేడమ్ వచ్చింది. ఆసుపత్రి యంత్రాల బాధ్యతంతా ఆవిడదే. మెడలో తాడుకి పెన్ను వేలాడుతోంది, ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. "మొదలుపెడదాం," అంది.

తెర వెలిగింది. లైన్లు జలజలా రాలిపడ్డాయి. అదిగో బ్లడ్ ఫ్రిజ్, అదిగో దాని చలి, అదిగో దాని కరెంటు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. రూల్సు పెదవి కొరుక్కుంటూ పిడికిలి బిగించింది. బాబాయ్ కనుబొమ్మలు ఎగరేశాడు.

అంతలోనే తెర మీద ఒక గడి ఎర్రగా అయిపోయింది. కీచుమని అలారం.

బ్లడ్ ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది.

హాలంతా ఇటు తిరిగింది. బాబాయ్ ఆనుకున్న చోటు నుంచి కదల్లేదు. "ఇదేం విడ్డూరమండీ! నా వీపుకి తెలీకుండా తెరుచుకుందా?"

కొందరు నవ్వారు. మేడమ్ నవ్వలేదు. దగ్గరికొచ్చి తలుపు పిడి పట్టి లాగి చూసింది. గట్టిగా మూసే ఉంది. అలారం ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగిందో లేదో మళ్ళీ మోగింది.

"అబద్ధపు అలారం నాలుగుసార్లు మోగితే నర్సు ఏం చేస్తుందో తెలుసా?" అంది మేడమ్, గొంతు పెంచకుండా. "దాని నోరు నొక్కేస్తుంది. ఆ తర్వాత నిజంగా తలుపు తెరుచుకుపోయినా ఎవరూ రారు. లోపలున్నది కూరగాయలు కాదు, రక్తం. భోజనాలయ్యాక ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే మీ ఫ్రిజ్‌ని లారీ ఎక్కించండి."

రూల్సు లాప్‌టాప్ ముందు కూలబడి తను రాసిందంతా పైనుంచి కిందిదాకా వెతికింది. తప్పు లేదు. తలుపు సెన్సరు వైరు పీకి మళ్ళీ పెట్టింది. తప్పు లేదు. వైరు పీకేసి ఉన్నప్పుడు కూడా అలారం మోగింది!

"బాబాయ్, మన ఫ్రిజ్ నోరు మూసుకునే ఉంది. మన పేరుతో ఇంకెవరో మాట్లాడుతున్నారు."

"దయ్యమంటావా?"

దయ్యం ఎదురు బల్ల దగ్గరే ఉంది. ఆపరేషన్ గదుల గాజు తలుపుల కంపెనీ. వాళ్ళ ఇంజినీరు గుండ్రటి మనిషి, సరదా మనిషి. ఎవరు అటుగా వచ్చినా తలుపు తెరిచి చూపిస్తున్నాడు. చెయ్యి ఊపితే చాలు, గాజు తలుపు సుయ్‌మని పక్కకి జరుగుతోంది. అది జరిగిన ప్రతిసారీ ఇక్కడ అలారం కీచుమంటోంది.

రూల్సు ఒక్క ఉరుకున ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఏమండీ, ఒకసారి మీ లైను చూపిస్తారా?"

తలుపులాయన దర్జాగా చూపించాడు. ఫ్రిజ్ లైన్లో ఉన్నట్టే తలుపు అనే పేరు, దాని వెనక ఎట్ గుర్తు, దాని వెనక నంబరు. రూల్సు ఆ నంబరు మీద వేలు పెట్టింది.

"ఇది మా నంబరు! మీకెక్కడిది?"

"మీదేమిటమ్మా, మాది! మూడు రకాల తలుపులు ఇదే నంబరుతో అమ్మాం. మీకెక్కడిది?"

"మాటలు జాగ్రత్త," అంటూ బాబాయ్ కూడా దిగబడ్డాడు. "మా పిల్ల పుస్తకం మొత్తం చదివి పెట్టిన నంబరు అది. మీరే కాపీ కొట్టుంటారు."

"కాపీ కొట్టడానికి మీ ఫ్రిజ్ మొహం నేనెప్పుడైనా చూశానా సార్? నేనూ పుస్తకం చూసే పెట్టాను."

"ఏ పుస్తకం?" అంది రూల్సు.

"ఏ పుస్తకమేంటమ్మా, స్టాండర్డు పుస్తకం. అందులో నమూనా లైను లేదూ? అదే నంబరు."

రూల్సుకి ఉన్నట్టుండి ఐదో తరగతి గది కళ్ళముందు కట్టింది. వాచకంలో సెలవు చీటీ పాఠం. నమూనా చీటీలో ఎవరో పిల్లాడికి జ్వరం. ఇంటి దగ్గర రాసుకు రమ్మంటే, క్లాసులో సగం మంది ఆ చీటీని ఉన్నదున్నట్టు, కింద ఆ పిల్లాడి పేరుతో సహా దించుకొచ్చారు. రూల్సు కూడా, ఆడపిల్లయి ఉండి, ఆ పిల్లాడి పేరే రాసింది. ఆ పేరు తీసేసి నీ పేరు రాసుకోవాలని చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు. అమ్మ సంతకం కూడా పెట్టింది. టీచరు చీటీలన్నీ ఒక్కొక్కటే తిప్పి, "పాపం, ఒక్క పిల్లాడికి ఎన్ని జ్వరాలే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

"సెలవు చీటీ," అంది రూల్సు పైకే.

"ఎవరికి సెలవు?" అన్నాడు బాబాయ్ కంగారుగా.

"బాబాయ్, ఆ నంబరు మనదీ కాదు, వీళ్ళదీ కాదు. ఎవరిదీ కాదు. నమూనాలో చూపించడం కోసం పక్కన పెట్టిన నంబరు. ఫలానా అంటాం చూడండి, అలాంటిది. దాని స్థానంలో ఎవరికి వాళ్ళు ఆఫీసు నుంచి తెచ్చుకున్న నంబరు రాసుకోవాలి. నేను... నేను చూసి రాసేశాను. చిన్నప్పుడు, చెప్పేవాళ్ళు లేక, వాచకంలో పిల్లాడి జ్వరం చీటీని వాడి పేరుతో సహా దించినట్టే."

తలుపులాయన బల్ల మీద చరిచి ఒకటే నవ్వు. "అయ్యబాబోయ్! మూడు రకాల తలుపులు ఫలానా వారి పేరు మీద అమ్మానా! మా ఇంట్లో నేనే మొదటి డిగ్రీ అమ్మా. నాకూ చెప్పేవాడు లేడు."

రూల్సుకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కానీ వాటికంటే ముందు ఒక ఆత్రం తన్నుకొచ్చింది. గబగబా మంచం బల్ల దగ్గరికి వెళ్ళి వాళ్ళ లైను అడిగింది. అదే నంబరు! దీపం వాళ్ళదీ అదే. ఆక్సిజన్ మీటరు వాళ్ళు మాత్రం సొంత నంబరు పెట్టుకుని, ఈ హడావుడి ఏమిటా అన్నట్టు చూస్తూ కూర్చున్నారు.

"సగం హాలు ఒకే ఇంటివాళ్ళం బాబాయ్!" అంటూ పరుగెత్తుకొచ్చింది, బుగ్గలు ఎర్రబడి. తప్పు దొరికిందన్న సంతోషంలో, ఆ తప్పు తనదన్న సంగతి ఒక్క క్షణం మర్చిపోయింది కూడా.

తలుపులాయన ఈలోపు ఉపాయం ఆలోచించేశాడు. "ఎందుకమ్మా ఇంత గొడవ? నంబరు అలాగే ఉండనీ. పేరు మార్చెయ్. నాది తలుపు, నీది మూత. మధ్యాహ్నం పరీక్షలో రెండూ కలవ్వు. స్టిక్కరు వేయించుకుని ఇంటికి పోదాం."

"మూత! భేష్!" అన్నాడు బాబాయ్. "ఎంతసేపు పడుతుంది రూల్సూ?"

"చిటికెలో అయిపోతుంది."

"మరి కానియ్యి."

రూల్సు కదల్లేదు. అంతలో జేబులో ఫోను మోగింది. అమ్మ. బస్సులో కండక్టరు ఆమె. ఫోనులో సగం మాటలు కూతురికి, సగం ప్రయాణికులకి.

"ఏమ్మా, నెగ్గిందా నీ ఫ్రిజ్? లోపలికి జరగండి సార్, వెనక ఖాళీ ఉంది!"

రూల్సు కిటికీ పక్కకి వెళ్ళి, ఉన్నదంతా చెప్పింది. సెలవు చీటీ సంగతి కూడా.

అమ్మ అవతల పెద్దగా నవ్వింది. "ఓసి నీ! ఆ చీటీ కింద సంతకం పెట్టిందాన్ని నేనే కదే! నీకు కొడుకు ఎప్పుడు పుట్టాడని అడిగారు నన్ను స్కూల్లో. ఇప్పుడేం చేద్దామని?"

"పేరు మార్చేస్తే ఇవాళ్టికి గడిచిపోతుందమ్మా. ఎవరికీ తెలీదు. కానీ రేపు ఇంకో కంపెనీవాడు వచ్చి అదే నంబరుతో మూత అన్నాడనుకో..."

"రక్తం పాడైపోతుందా?"

"పాడవచ్చు."

"అయితే నన్నెందుకు అడుగుతున్నావే? టికెట్, టికెట్! నీ నోటితో నువ్వే చెప్పు. ఇంకెవరో కనిపెట్టి చెప్తే ఆ మాట వేరేగా ఉంటుంది. దిగేవాళ్ళని దిగనివ్వండయ్యా! ఉంటానమ్మా, స్టాపొచ్చింది."

రూల్సు ఫోను జేబులో పెట్టుకుని వచ్చి బాబాయ్ ముందు నిలబడింది. "నేను మూత పెట్టను బాబాయ్. మేడమ్‌కి చెప్తాను."

"చెప్తే లారీయేనమ్మా."

"చెప్పకపోతే ఎప్పుడో ఒక రోజు మనల్ని నమ్ముకున్న ఆసుపత్రిలో అలారం నోరు నొక్కేస్తారు. నేను కట్టిన లైను మీద నాకే నమ్మకం లేకపోతే ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?"

బాబాయ్ ఫ్రిజ్ వంక చూశాడు, లారీ నిలబడ్డ వాకిలి వంక చూశాడు, నెత్తి గోక్కున్నాడు. "నీకు ఆ పేరు ఎవడు పెట్టాడో గానీ..." అని, "పద, నేనూ వస్తా," అన్నాడు.

తలుపులాయన కూడా లేచి, చొక్కా సర్దుకుని వెనకే బయల్దేరాడు. "నన్నొదిలి వెళ్తే నా తలుపుల పరువేం కాను?"

మేడమ్ టీ తాగుతోంది. రూల్సు చెప్పడం మొదలుపెట్టాక మాత్రం కప్పు పక్కన పెట్టేసింది. ఎవరెవరి బల్ల మీద ఆ నంబరుందో విన్నాక పెన్నుతో నుదురు తట్టుకుంది. "నా చేతికింద వాళ్ళు కూడా చూసుకోలేదన్నమాట. సరే. సొంత నంబరు తెచ్చుకోవడానికి ఎంత కాలం?"

"దరఖాస్తు పెడితే ఇస్తారు మేడమ్. కానీ ఇవాళ్టికి రాదు."

"మరి నేను ఇవాళ ఏం పరీక్ష పెట్టను?"

దారి పొడుగునా రూల్సు బుర్రలో తిరుగుతున్నది అదే. పుస్తకంలో పేర్ల అధ్యాయం చివర, ఎవరూ పట్టించుకోని రెండు వాక్యాలున్నాయి. "మేడమ్, మీ ఆసుపత్రికి నంబరుందా?"

"ఉంది. నర్సుల్ని పిలిచే బెల్లు మేమే తయారుచేసుకున్నాం. అప్పుడు తీసుకున్నాం."

రూల్సుకి ఎగిరి గంతేయాలనిపించింది. "అయితే చాలు మేడమ్! నంబరున్న వాళ్ళు దాని వెనక చుక్క పెట్టి, ఇంకో అంకె రాసి, కొమ్మలు వేసుకోవచ్చు. ఒక కొమ్మ ఫ్రిజ్‌కి, ఒకటి తలుపులకి, ఒకటి మంచానికి. ఎవరికి ఏ కొమ్మో చెప్పే హక్కు మీదే. రూలు ఒప్పుకుంటుంది."

"మా నంబరు పట్టుకెళ్ళి రేపు ఇంకో ఆసుపత్రికి అమ్ముకుంటారా?"

"లేదు మేడమ్. ఈ ఆసుపత్రి కప్పు కింద ఉన్నంతవరకూ ఈ ఇంటి నంబరు. బయట అమ్మేవాటికి మా సొంతది, అది వచ్చాకే."

మేడమ్ ఆమెని ఎగాదిగా చూసింది. "నాదొక షరతు. ఏ పేరుకైనా ఒకసారి అర్థం చెప్పాక, దాన్ని మార్చడానికి వీల్లేదు. వేరే అర్థం కావాలంటే వేరే పేరు పెట్టుకోండి. ఇది కూడా పుస్తకంలో ఉందా?"

"ఉంది మేడమ్. దాదాపు మీ మాటల్లోనే ఉంది."

ఆవిడ మూతి కొస కొద్దిగా వంగింది. అది నవ్వేనని తర్వాత బాబాయ్ ఒట్టేసి చెప్పాడు. "భోజనాలయ్యే దాకా టైముంది. వెళ్ళండి."

ఇక చూడాలి ఆ హాలు! రూల్సు ఆ దిక్కుమాలిన నంబరుని తన ప్రోగ్రాములో చోటు దొరికిన ప్రతిచోటా రాసేసింది. ఇప్పుడు ఒక్కోదాన్నీ పట్టి పీకి, ఒకే ఒక్క చోట పెట్టి, మిగతావన్నీ అక్కడి నుంచి తెచ్చుకునేలా కట్టాలి. తలుపులాయన తన కుర్చీ లాక్కొచ్చి పక్కనే కూర్చున్నాడు. "నువ్వు మార్చు, నేను కాపలా కాస్తా. తర్వాత నాది నువ్వు చూడు. అదిగో, అక్కడొకటి దాక్కుంది!" మంచం వాళ్ళు, దీపం వాళ్ళు వెనక మూగారు. "చుక్క ముందా, కొమ్మ ముందా?" అని ఒకరు. "నా నంబరు చదవమ్మా ఒకసారి," అని ఇంకొకరు. భోజనాల పొట్లాలు విప్పేవాడే లేడు. బాబాయ్ మాత్రం ఒక పొట్లం విప్పి, రొట్టె తుంపి, ఎవరి నోరు ఖాళీగా కనపడితే వాళ్ళ నోట్లో పెడుతూ తిరిగాడు. "తినండర్రా, ఇప్పుడు మనమంతా ఒకే ఇంటివాళ్ళమట కదా."

మేడమ్ గడపలో కనపడేసరికి రూల్సు ఆఖరి మార్పు పూర్తిచేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అందరూ వినండి," అంది మేడమ్. "నేను చెయ్యి దించగానే, బ్లడ్ ఫ్రిజ్ తప్ప ఈ గదిలో తెరుచుకునేవన్నీ ఒకేసారి తెరవండి."

ఆవిడ చెయ్యి దిగింది. గాజు తలుపులు సుయ్‌మన్నాయి, మంచాలు లేచాయి, దీపాల మూతలు విచ్చుకున్నాయి. తెర మీద లైన్లు వరదలా పారాయి. రూల్సు ఒక్క గడి వంకే చూస్తోంది. తెరుచుకున్నట్టు గాజు తలుపుల గడి వెలిగింది. ఫ్రిజ్ గడి పచ్చగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

అలారం మోగలేదు.

"ఇప్పుడు ఫ్రిజ్," అంది మేడమ్.

పొద్దుట్నుంచీ కాపలా కాసిన తలుపుని బాబాయ్ రెండు చేతులా పట్టుకుని బార్లా తెరిచాడు. కీచుమని అలారం హాలు కప్పు ఎగిరిపోయేట్టు మోగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే అందరూ కొట్టారు. చెవులు చిల్లులుపడే ఆ మోత విని అంతమంది అంత సంతోషపడటం ఆ గోడలు ఇంకెప్పుడూ చూడవేమో. తలుపులాయన ఈల వేశాడు.

మేడమ్ వచ్చి, ఆకుపచ్చ స్టిక్కరు వెనక కాగితం ఒలిచి, ఫ్రిజ్ నుదుటిన నొక్కి అంటించింది. "మీ సొంత నంబరు రాగానే నాకు చెప్పండి," అని రూల్సుతో అని, పక్క బల్లకి వెళ్ళిపోయింది.

ఫ్రిజ్ చక్రాల మీద కదిలి లిఫ్టు వైపు వెళుతుంటే రూల్సు దాని వెంట సగం దూరం నడిచింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాక పరుగెత్తుకొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. నంబర్లిచ్చే ఆఫీసు దరఖాస్తు తెరిచింది. మొదటి గడిలో, ఎలా నింపాలో చూపించడానికి, బూడిద రంగు అక్షరాల్లో ఏదో కంపెనీ పేరు కనపడింది.

వెనక నుంచి బాబాయ్ తొంగిచూశాడు. "రూల్సూ..."

"చూశాను బాబాయ్."

"కాదమ్మా, ఒక్కమాట. జ్వరం ఎవరికి?"

"మనకే బాబాయ్, మనకే!" అని నవ్వుతూ, తమ కంపెనీ పేరు ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది.